ముట్టడి దినములలో పొలము కొనిన ప్రవక్త

చదువవలసిన భాగము: యిర్మీయా గ్రంథము 32వ అధ్యాయము, 6 మొదలు 27 వచనములు



యెరూషలేము చుట్టును బబులోను సైన్యము ముట్టడి వేసియుండెను. రాజైన సిద్కియాకు ప్రవక్త చెప్పిన మాట రుచింపలేదు. అందుచేత యిర్మీయాను రాజనగరులోని చెరసాల ఆవరణములో బంధించి యుంచిరి. అట్టి సమయమున అతని పినతండ్రి కుమారుడైన హనమేలు వచ్చి, అనాతోతులోనున్న తన పొలమును కొనుమని అడిగెను. ఆలోచించి చూడుడి. శత్రువు దేశములో దిగియున్నాడు. రేపు ఆ పొలము ఎవరి చేతిలో నుండునో తెలియదు. కొనువాడు ఖైదీ. మన గ్రామములో ఎవరైన ఇట్టి బేరము చేసినయెడల రచ్చబండ మీద కూర్చున్న పెద్దలు నవ్వకుందురా? అయినను యిర్మీయా 17 తులముల వెండి తూచి యిచ్చెను. దస్తావేజు వ్రాయించెను, సాక్షుల చేవ్రాలు వేయించెను, ముద్ర వేసెను. ఆ పత్రములు బహుకాలము చెడకుండ మట్టికుండలో పెట్టుమని బారూకునకు అప్పగించెను.

ఎందుకనగా, ఈ దేశములో ఇండ్లును పొలములును ద్రాక్షతోటలును మరల క్రయవిక్రయములు జరుగు దినము వచ్చునని దేవుడు అతనికి తెలియజేసెను. ఆ మాటను నమ్మినవాడు ఆ మాట మీద తన సొమ్ము పెట్టెను. రాజ్యములు కదలునప్పుడు విశ్వాసి నిరీక్షణ ఎట్లుండవలెనో ఈ అధ్యాయము మనకు నేర్పుచున్నది.

మన గ్రామములనుండి హైదరాబాదునకు పోయిన బిడ్డలు అనేకులు చిక్కడపల్లి, అశోక్ నగర్, నారాయణగూడ వీధులలో నివసించుచున్నారు. సర్కారు ఉద్యోగపు పరీక్షలకు చదువుకొనువారికి ఆ ప్రాంతము పేరుపొందినది. ఇరుకు గదిలో నలుగురైదుగురు కలిసియుండి, ఉదయమున కోచింగు సెంటరునకును, తరువాత చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమునకును పోయి, రాత్రివరకు పుస్తకముల ముందు కూర్చుందురు. వారి ఫీజులు, అద్దెలు ఇచ్చట మన పత్తి అమ్మిన డబ్బుతోను, గేదె పాల డబ్బుతోను, కొన్ని ఇండ్లలో అప్పుతోను కట్టబడుచున్నవి. కావున ఆ వీధులలో కలత పుట్టినప్పుడెల్ల మన పూరిండ్లలోను నిద్ర పట్టదు.

గ్రూప్-1 పరీక్ష సంగతి మీరెరుగుదురు. 2022లో 503 ఉద్యోగములకు ప్రకటన వచ్చెను. ఆ సంవత్సరము అక్టోబరులో మొదటి పరీక్ష జరిగెను. ప్రశ్నపత్రములు బయటపడినందున 2023 మార్చిలో అది రద్దు చేయబడెను. 2023 జూనులో తిరిగి పరీక్ష జరిగెను; సెప్టెంబరులో హైకోర్టు దానిని రద్దు చేసెను. 2024 ఫిబ్రవరిలో 563 ఉద్యోగములకు క్రొత్త ప్రకటన వచ్చి, జూనులో పరీక్ష మరల జరిగెను. ఒకే మెట్టు ఎక్కుటకు మన బిడ్డలు మూడుమారులు కాలెత్తిరి. 2024 అక్టోబరులో ముఖ్య పరీక్షలకు ముందు అశోక్ నగర్ వీధులు నిరసనలతోను పోలీసులతోను నిండిపోయెను. ఈ మధ్యలోనే ఒక ప్రభుత్వము పోయి మరియొకటి వచ్చెను.

ఈ నగరమునకు కలతలు క్రొత్తవి కావు. 1948లో నిజాము రాజ్యము అంతమొందెను. 1952లో ముల్కీ ఉద్యమములో విద్యార్థులపై తుపాకులు ప్రేలెను. 1969లో ప్రత్యేక తెలంగాణమును కోరి విద్యార్థులు లేచిరి. కళాశాలలు మూతపడెను, అనేకులు ప్రాణములు కోల్పోయిరి. 1973లో రాష్ట్రపతి పాలన వచ్చెను. 1975లో దేశమంతట అత్యవసర పరిస్థితి విధింపబడెను. 2009 చివరనుండి మరల ఉద్యమము రగిలి, 2011లో సకల జనుల సమ్మె 42 దినములు సాగి, 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడెను. ఆ మధ్యకాలములో ఎందరో యువకులు నిరాశచేత తమ ప్రాణములు తామే తీసికొనిరి. ఆ తల్లుల దుఃఖము ఏ జెండా వచ్చినను తీరునది కాదు.

ప్రియులారా, యిర్మీయా వలన మనము నేర్చుకొనవలసిన సంగతులు నాలుగు గలవు.

మొదటిది, నిరీక్షణ వేరు, తీపిమాట వేరు. 28వ అధ్యాయములో హనన్యా అను ఒక ప్రవక్త కనబడును. చెరపట్టబడినవారు రెండు సంవత్సరములలో తిరిగి వత్తురని అతడు దేవాలయములో జనులందరి యెదుట పలికెను. ప్రజలకది ఎంత ఇంపుగా నుండెనో! యిర్మీయా మెడమీది కాడిని తీసి విరిచియు వేసెను. కాని దేవుడు చెప్పిన కాలము 70 సంవత్సరములు. ఎన్నికల కాలములో మన ఊరికి వచ్చు వాహనములలో హనన్యాలు ఎందరు! ఇన్ని లక్షల ఉద్యోగములు, ఇన్ని దినములలో అని మైకులో పలుకుదురు. ఆ మాట నమ్మి ఆశపెంచుకొనినవాడు, ఆ గడువు దాటిన దినమున దేవునిమీద కూడ అలుగును. దేవుడు ఇయ్యని వాగ్దానమునకు దేవుని బాధ్యునిగా చేయకుడి. పార్టీ చెప్పినది పార్టీని అడుగుడి. అడుగుట మీ హక్కు. దేవుడు చెప్పినదానిని మాత్రము దేవునియొద్ద కనిపెట్టుడి.

రెండవది, నిరీక్షణ పని చేయును. యిర్మీయా మంచిదినములు వచ్చునని ప్రసంగించి ఊరకుండలేదు, వెండి తూచెను. మన సంఘ చరిత్రలో ఇట్టి కార్యము ఒకటి కలదు. 1947 ఆగస్టులో దేశము విభజింపబడెను. ఉత్తరదేశములో రక్తము ప్రవహించుచుండెను. హైదరాబాదు సంస్థానము ఎటు పోవునో తెలియకుండెను. ఆ దినములలోనే, సెప్టెంబరు 27న, మద్రాసులోని సెయింట్ జార్జి కతెడ్రలులో దక్షిణ ఇండియా సంఘము స్థాపింపబడెను. దేశము చీలుచున్న వేళ, ఆంగ్లికను, మెథడిస్టు మొదలైన వేర్వేరు సంఘములవారు ఒకటిగా కూడిరి. అట్టి ఐక్యత కొరకు 1919లో తరంగంబాడిలో కూడి ప్రయాసపడినవారిలో దోర్నకల్ బిషప్ వేదనాయగం సామ్యేల్ అజరయ్యగారు ముఖ్యులు. ఆయన 1945 జనవరి 1న ప్రభునందు నిద్రించిరి. ఆ దినమును కన్నులార చూడలేదు. యిర్మీయా కూడ తాను కొనిన పొలములో దుక్కి దున్నినట్లు గ్రంథము చెప్పదు. జనులు అతనిని ఐగుప్తునకు తీసికొనిపోయిరి. పొలము కొనువాడొకడు, పంట కోయువాడొకడు. అయినను కుండలోని పత్రము చెడలేదు.

మూడవది, నిరీక్షణగలవానికి కూడ సందేహము కలుగును. దస్తావేజు అప్పగించిన తరువాత యిర్మీయా ఏమి చేసెనో చూడుడి. ప్రార్థించెను. ఆ ప్రార్థన చివరను, ప్రభువా, పట్టణము శత్రువుల చేతికి పోవుచుండగా పొలము కొనుమని నాతో చెప్పితివే అని విన్నవించుకొనెను. విధేయత ముందు, ప్రశ్న తరువాత. దేవుడు అతనిని గద్దింపలేదు. తనకు అసాధ్యమైనది ఏదైన కలదా అని తిరిగి అడిగెను. కాబట్టి రాత్రివేళ మీకు సందేహము వచ్చినయెడల, విశ్వాసము పోయెనని భయపడకుడి. ఆ సందేహమును టీకొట్టు దగ్గరకు కాక, ప్రభువు పాదముల యొద్దకు తీసికొనిపొండి.

నాలుగవది, నిరీక్షణ పొరుగువానిని ద్వేషింపదు, సత్యమును దాచదు. 29వ అధ్యాయములో బబులోనులోనున్న చెరవారికి యిర్మీయా జాబు వ్రాసెను. ఇండ్లు నిర్మించుకొని, తోటలు వేసికొని, బిడ్డల పెండ్లిండ్లు జరిపించి, తామున్న ఆ పరాయి పట్టణపు మేలు కొరకే ప్రార్థింపవలెనని దాని సారాంశము. శత్రువు పట్టణము కొరకు ప్రార్థింపుమనగా, మన ఊరిలో వేరొక పార్టీకి ఓటు వేసిన సహోదరుని కొరకు ప్రార్థింపలేమా? ఎన్నికలు ముగిసి నెలలు గడచినను, ప్రభువు బల్లయొద్ద ఒకరి ప్రక్కన ఒకరు మోకరింపని కుటుంబములు మన సంఘములలో ఉండుట తగునా? మంత్రులు అసెంబ్లీ ఆవరణలో కలిసి టీ త్రాగుచుందురు. మనము బావియొద్ద మాటలాడుట మానుదుము.

అయితే సమాధానమనగా నోరు మూసికొనుట కాదు. రాజునకు నిజము చెప్పినందుననే యిర్మీయా బంధింపబడెను. నారాయణగూడకు సమీపముననున్న కాచిగూడలో 1948 ఆగస్టులో జరిగిన సంగతి పెద్దలు కొందరు వినియుందురు. షోయబుల్లా ఖాన్ అను యువకుడు ఇమ్రోజ్ అను ఉర్దూ పత్రికకు సంపాదకుడు. రజాకార్ల దౌర్జన్యమును ఖండించి, సంస్థానము భారతదేశములో చేరవలెనని వ్రాసెను. ఒక రాత్రి పని ముగించుకొని ఇంటికి పోవుచుండగా దుండగులు అతనిమీద పడి, వ్రాసిన చేతిని నరికి, చంపిరి. నెల తిరుగకముందే, సెప్టెంబరు 17న, నిజాము ప్రభుత్వము లొంగిపోయెను. అతడు మన మతమువాడు కాడు. అయినను తన మతస్థులే అధికారములోనుండగా, అన్యాయమును అన్యాయమని పలికెను. మన కులమువాడో, మన పార్టీవాడో తప్పు చేసినప్పుడు మనమేమి పలుకుచున్నాము?

ఇప్పుడు, బిడ్డలను పట్నమునకు పంపిన తలిదండ్రులకు ఒక మాట. మీరు వారికి ఫోను చేసినప్పుడు మొదట ఏమి అడుగుచున్నారు? నోటిఫికేషను వచ్చెనా, ఫలితము వచ్చెనా అనియా? తింటివా, నిద్ర పట్టుచున్నదా, ఆదివారము ఆరాధనకు పోతివా అని అడుగుడి. ఉద్యోగము లేకుండ ఇంటికి రావద్దని ఎవరును, కోపములోనైనను, అనకుడి. తప్పిపోయిన కుమారుని కథలో తండ్రి చేతిలో ఏ ఫలితముల పట్టికయు లేదు. అతడు దూరమున కొడుకును చూచి పరుగెత్తెను, అంతే. బిడ్డ మాట తగ్గించినను, భోజనము మానినను, బ్రతుకు విసుగనినను ఆలస్యము చేయకుడి. ఆ దినమే బస్సెక్కి పొండి, అవసరమైన వైద్యునికి చూపుడి, మీ కాపరికి చెప్పుడి. అది సిగ్గుపడవలసిన సంగతి కాదు.

ఆ గదులలో చదువుచున్న యౌవనులారా, పరీక్ష మిమ్మును తీర్పుతీర్చు సింహాసనము కాదు. ప్రభుత్వము ప్రకటన రద్దు చేయగలదు. దేవుడు మీకిచ్చిన పిలుపును ఎవరును రద్దు చేయలేరు. శ్రద్ధగా చదువుడి, న్యాయము కొరకు శాంతముగా అడుగుడి, ఎన్ని సంవత్సరములు ప్రయత్నింపవలెనో పెద్దలతో కలిసి ఒక లెక్క పెట్టుకొనుడి. మరియొక పని చేపట్టుట ఓటమి కాదు. యిర్మీయా ప్రవక్తయై యుండియు పొలము కొనెను.

సంఘస్థులారా, ఈ నెలలో ప్రతి సంఘమును ఒక చిన్న పొలము కొనవలెను. కలతల మధ్యనే మంచి కార్యమొకటి ప్రారంభింపుడి: పట్నములో చదువుచున్న మన ఊరి బిడ్డల పేర్లు వ్రాసికొని ఆదివారము వారి కొరకు ప్రార్థింపుడి, రాజకీయము వలన మాటలు మానిన రెండు ఇండ్లను కలుపుడి, పాలించువారి కొరకు, వారు మనకు నచ్చినను నచ్చకపోయినను, పౌలు తిమోతికి నేర్పినట్లు విజ్ఞాపన చేయుడి.

ఒక కుండలో పత్రము దాచబడినట్లే, ఒక దినమున ఒక తోటలో మన ప్రభువు దేహము సమాధిలో ఉంచబడెను. దానికి రాయి అడ్డుగా పెట్టిరి, ముద్ర వేసిరి, కావలివారినుంచిరి. అధికారులు తమ పని ముగిసెనని తలంచిరి. మూడవ దినమున ఆ ముద్ర ఏమాయెనో మీరెరుగుదురు. మన నిరీక్షణ ఆయనయందే యున్నది గనుక, ముట్టడి ఇంకను విడువకపోయినను, మనము పొలము కొనుటకు పోవుదము.

ఆయన సమాధానము మీ ఇండ్లను, దూరముననున్న మీ బిడ్డలను కాపాడును గాక. ఆమేన్.