నోరు విప్పే అధికారం ఒక అమానతు

పిల్లలు తినే ఒక ఆహారంలో విషపదార్థం ఉందన్న అనుమానం ఒక అధికారికి కలిగింది. పూర్తి రుజువు ఇంకా చేతికి రాలేదు. ఆయన ఏం చేయాలి? మౌనం వహిస్తే తినేవారికి హాని. ప్రకటిస్తే, ఆ అనుమానం తప్పని తేలితే, అమ్మేవారి జీవనోపాధికి హాని. రెండు వైపులా ఉన్నవి దాసుల హక్కులే.

మన దేశపు ఆహార భద్రత, ప్రమాణాల చట్టం (2006) దీనికి ఒక మార్గం చూపింది. ఒక ఆహారం ఆరోగ్యానికి ప్రమాదకరమని అనుమానించడానికి తగిన ఆధారాలుంటే, ప్రమాద తీవ్రతను బట్టి ప్రజలకు తెలియజేయాలని 18వ సెక్షను అధికారులను ఆదేశిస్తోంది. అది ఏ ఆహారమో, ప్రమాదమేమిటో, నివారణకు ఏం చేస్తున్నారో చెప్పాలి. గమనించండి! చట్టం పూర్తి రుజువు దాకా ఆగమనలేదు. అలాగని వట్టి అనుమానం చాలనీ అనలేదు.

ఇది సబబే. సీసం వల్ల పసివాడి మెదడుకు కలిగే నష్టాన్ని ఏ తీర్పూ పూడ్చలేదు. తెలిసిన సాక్ష్యాన్ని దాచడం పాపమని దివ్య ఖుర్ఆన్ బోధిస్తోంది. కేసులకు భయపడి నోరు మూసుకున్న అధికారి కూడా దోషే.

అయితే రెండో వైపు కూడా చూడాలి. 2015 జూన్‌లో మ్యాగీ నూడుల్స్‌లో సీసం పరిమితికి మించి ఉందంటూ కేంద్ర ఆహార భద్రతా సంస్థ తొమ్మిది రకాలను మార్కెట్ నుంచి తీసేయమంది. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. సహజ న్యాయసూత్రాలు పాటించలేదని, పరీక్షలు జరిపిన ప్రయోగశాలలకు తగిన గుర్తింపు లేదని తప్పుపట్టింది. హైదరాబాదు, మొహాలీ, జైపూర్‌లలో మళ్ళీ పరీక్షిస్తే సీసం పరిమితి లోపే ఉందని తేలింది. నవంబరులో అమ్మకాలు తిరిగి మొదలయ్యాయి.

పెద్ద కంపెనీకి హైకోర్టు మెట్లెక్కే స్తోమత ఉంది. రంజాన్‌లో హలీం అమ్ముకునే చిన్న హోటలు యజమాని సంగతేమిటి? నమూనాపై నివేదికకు చట్టం ఇచ్చిన గడువు 14 రోజులు. తనిఖీ నాడే ‘కల్తీ’ అన్న మాట ఊరంతా పాకితే, తర్వాత దోషం లేదని తేలినా అప్పటికి సగం రంజాన్ గడిచిపోతుంది. పోయిన గిరాకీని, పోయిన పరువును ఎవరు తెచ్చిస్తారు?

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బజారులో ధాన్యపు రాశిని పరిశీలించిన సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. మొదట ఆయన స్వయంగా రాశిలోకి చేయి పోనిచ్చారు. లోపల తడి తగిలింది. వెంటనే నిందించలేదు, ఇదేమిటని యజమానిని అడిగారు. వర్షానికి తడిసిందన్న అతని జవాబు విన్నారు. తడిసిన భాగాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ప్రశ్నించి, ఆ తర్వాతే మోసగాళ్ళను గురించి కఠినంగా హెచ్చరించారు. పరీక్ష, విచారణ, ప్రకటన. ఇదీ క్రమం.

ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు విచారణ క్లుప్తంగా జరగవచ్చు, కానీ అసలే లేకుండా పోకూడదు. అనుమానాన్ని అనుమానమనే చెప్పాలి, నిర్ధారణ అనకూడదు. పొరపాటని తేలితే, నింద ఎంత గట్టిగా వినిపించిందో నిర్దోషిత్వాన్నీ అంత గట్టిగా చాటాలి.

మరి మన సంగతి? ఆ అధికారికి కనీసం ఒక చట్టం, ఒక ప్రయోగశాల, ఒక న్యాయస్థానం ఉన్నాయి. సెల్‌ఫోనులో వచ్చిన ‘ఫలానా హోటల్లో తినకండి’ అన్న సందేశాన్ని పదిమందికి పంపే మనకు ఏ ఆధారం ఉంది? నమ్మదగని వాడు తెచ్చిన వార్తను విచారించుకోమని, లేకుంటే తెలియక ఇతరులకు కీడు చేసి పశ్చాత్తాపపడతారని సూరా హుజురాత్ హెచ్చరిస్తోంది.

నిజం చెప్పే ధైర్యాన్నీ, నిజం తేలేదాకా నాలుకను అదుపులో ఉంచుకునే ఓర్పునూ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.