బిళ్ళ మిగిలింది, కవరు పోయింది

పాత వస్తువులను సేకరించి దాచుకోవడం లోభమా, కృతజ్ఞతా? అల్ హైల్‌లోని మా ఇంట ఒక శుక్రవారం ఉదయం ఈ ప్రశ్న నాకు ఎదురైంది. నా తపాలా బిళ్ళల ఆల్బమ్‌ను, నాణేల డబ్బాను ముందు పెట్టుకుని మా అమ్మాయి ఒక్కొక్క దానినీ ఫోనుతో ఫొటో తీసి ధర వెతుకుతోంది. చివరకు, "నాన్నా, వీటిలో దేనికీ పెద్ద విలువ లేదు" అన్నది.

ఆ మాటకు నేను నొచ్చుకోలేదు. నా మనస్సు మరొక నష్టం వైపు మళ్ళింది.

నేను మస్కట్‌కు వచ్చిన తొలి సంవత్సరాలలో అమ్మ నెలకొక ఉత్తరం రాసేది. ఆమెకు ఇంగ్లీషు రాదు. నేను రాసిచ్చిన చిరునామాను ఎదుట పెట్టుకుని, ముగ్గు వేసినంత శ్రద్ధగా ఒక్కొక్క అక్షరాన్నీ కవరు మీద దించేది. నేనేమో ఆ కవరు మూల కత్తిరించి, నీళ్ళలో నానబెట్టి, బిళ్ళను ఊడదీసి ఆరబెట్టేవాణ్ణి. కవరు చెత్తబుట్టకు పోయేది. ఆనాడు మాకు తెలిసిన సేకరణ పద్ధతి అదే. నేడు అమ్మ లేదు. బిళ్ళలన్నీ భద్రంగా ఉన్నాయి. ఆమె దించిన అక్షరం ఒక్కటీ లేదు.

నాణేలకూ ఇదే అన్యాయం చేశాను. పూజా పాత్రలను తోమినట్లు చింతపండుతో తోమి మెరిపించాను. మెరుపు వచ్చింది, కాలం పూసిన పొర పోయింది. తపాలా ముద్రతో, చిరునామాతో కవరును కవరుగానే ఉంచాలనీ, నాణేన్ని తోమరాదనీ నేడు తెలిసినవారు చెబుతారు. వస్తువు ఎంత ముఖ్యమో, అది నడిచివచ్చిన దారి అంతే ముఖ్యమని ఈ మార్పు నేర్పుతోంది.

1906లో నాసిక్ సమీపంలోని జోగల్‌తంబిలో పదమూడు వేలకు పైగా వెండి నాణేలు దొరికాయి. అవి క్షహరాట రాజు నహపానునివి. వాటిలో చాలావాటిపై శాతవాహన చక్రవర్తి గౌతమీపుత్ర శాతకర్ణి తన గుర్తులను తిరిగి ముద్రించాడు. పాత ముద్ర పూర్తిగా చెరగకపోవడం చేతనే ఒక్క నాణెం ఇద్దరు రాజుల కథ చెబుతోంది.

మనం నివసిస్తున్న ఈ నేలకూ అటువంటి కథ ఉంది. 1864లో మస్కట్‌లో భారతీయ తపాలా కార్యాలయం తెరిచారు. 1944లో అల్ బూసయీద్ రాజవంశపు ద్విశతాబ్ది సందర్భంగా భారతదేశపు బిళ్ళలపైనే అరబ్బీ అక్షరాలు అచ్చువేసి ఇక్కడ వాడారు. భారతీయ రిజర్వు బ్యాంకు 1959లో గల్ఫ్ ప్రాంతం కోసం ప్రత్యేకంగా తెచ్చిన రూపాయి నోట్లు, 1970లో ఒమాన్ సొంత రియాల్ వచ్చేవరకు ఇక్కడ చెల్లాయి. నేడు మనం కూరగాయల కొట్టులో లెక్కించే 'బైసా' మన 'పైసా' నుంచి వచ్చిన మాటే. మనకంటే ముందే మన రూపాయి ఇక్కడికి ప్రవాసం వచ్చింది!

అపరిగ్రహం గొప్ప గుణమని పెద్దలు చెప్పారు. అయితే దాచుకోవడం దోషమా? లోభి తన వద్ద ఎంత ఉన్నదో లెక్కించుకుంటాడు. కృతజ్ఞుడు అది ఎవరి చేతి నుంచి వచ్చిందో గుర్తుంచుకుంటాడు. డబ్బాలోని పావలా మా నాయనమ్మ సంక్రాంతికి నా చేతిలో పెట్టినది. 2011 జూన్ 30 తరువాత పావలాలు చెల్లకుండా పోయాయి. ఆమె ఇచ్చిన చేయి మాత్రం నాకు నేటికీ చెల్లుతూనే ఉంది.

కాలం మారింది. ఉత్తరాలు రావడం లేదు. కావలసిన బిళ్ళను ఇంట కూర్చుని కొనవచ్చు. అలా కొన్నదానికి మన ఇంటి కథ ఉండదు. కనుక ఉత్తరాలు రావాలంటే ముందు మనమే రాయాలి. ధర వెతికిన ఆ ఫోనులోనే ప్రతి నాణెం వెనుక ఉన్న కథను ఇంటి పెద్దల గొంతుతో భద్రపరచాలి.

ఆ సాయంత్రం మా అమ్మాయి రాజమహేంద్రవరంలోని అమ్మమ్మకు ఉత్తరం రాసింది. తెలుగు ఇంకా కూడబలుక్కుని చదివే పిల్ల; నేను రాసిచ్చిన చిరునామాను చూస్తూ, ఒక్కొక్క అక్షరాన్నీ బొమ్మ గీసినట్లు కవరు మీద దించింది. చివర నేనొక వాక్యం చేర్చాను: "అత్తయ్యగారూ, దయచేసి ఈ కవరు నుంచి బిళ్ళను ఊడదీయకండి."