ఆలస్యముగా వచ్చిన నోటీసు



మన భివండీలో సాంచెల మీద బ్రదుకువారు కొందరు, పూర్ణ, కాల్హేర్ గోదాములలో పని చేయువారు కొందరు. పూర్ణలో ఒక గోదాము సూపర్‌వైజరుగా ఉన్న సహోదరుడు ఇటీవల ఒక కాగితము పట్టుకొని మా యింటికి వచ్చెను. ఏడు నెలల క్రితము అక్కడ బట్ట బేళ్ళ దొంతర కూలి ఒక హమాలీకి కాలు విరిగినది. లారీ వచ్చి నిలిచియున్నదని, ఇంకొక వరుస ఎత్తుగా పేర్చుమని చెప్పినది ఇతడే. అప్పుడు ఎవరును అడుగలేదు. ఇప్పుడు సంజాయిషీ నోటీసు వచ్చినది.

"యాదికి లేదని రాస్తే అయిపోతది గద సారూ?" అని అడిగెను.

కాలము గడచినంత మాత్రమున తప్పు కరిగిపోవునా? ఇది మనమందరము ఆలోచించవలసిన ప్రశ్న.

మొదట యజమాని సంగతి. ఆలస్యము చేయుట కూడ అన్యాయమే. మన కూలివాడు ఈ నెల భివండీలో, వచ్చే నెల సూరతులో, పండుగకు కరీంనగరులో ఉండును. ఏడు నెలల తరువాత సాక్షులను ఎక్కడ వెదకుదుము? అంతకాలము అదే దొంతర క్రింద మరియొకడు పని చేయుచునే ఉండెను గదా!

చట్టము కూడ ఆలస్యమును తప్పుగానే చూచును. 1987లో హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాల భవన నిర్మాణముల విషయమై వచ్చిన ఆరోపణలను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1995 వరకు సాగదీసినందున, ఆ ఉద్యోగిపై చర్య చెల్లదని 1998లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అయితే ఇన్నేండ్లు దాటిన ఏ కేసైనను పోవునని గీత గీయలేదు. ఆరోపణ ఎటువంటిది, ఆలస్యమునకు కారణమేమి, ఉద్యోగికి కలిగిన నష్టమెంత అని తూచి చూడవలెనన్నది. నేటి పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారము, 300 మందికి తక్కువ కాకుండ కార్మికులున్న చోట, సస్పెండు చేసిన దినము నుండి సాధారణముగా 90 రోజులలో విచారణ ముగియవలెను. చిన్న కార్ఖానాలలో మనవారికి ఆ రక్షణ అందదు. అక్కడ "రేపట్నుంచి రావద్దు" అను మాటయే తీర్పు.

కావున ఆలస్యమును ప్రశ్నించుట మన హక్కు. కాని ఆ హక్కు వేరు, జరిగినది వేరు. నాతాను దావీదు నొద్దకు వెంటనే రాలేదు. బిడ్డ పుట్టిన తరువాతనే వచ్చెను. "ఇన్నాళ్ళు ఏమైతివి?" అని దావీదు అడుగలేదు.

నేను ఆ సహోదరుని ఒక్కటే అడిగితిని: "ఈ ఏడు నెలలలో ఆ హమాలీని ఎన్నిసార్లు చూచి వచ్చితివి?" అతడు తల వంచుకొనెను. నోటీసు రాలేదు గనుక పోలేదు. యజమాని ఆలస్యమును నిందించు మనము, మన ఆలస్యమును లెక్కింపము.

ఆ రాత్రి ఇద్దరము కూర్చుండి జవాబు వ్రాసితిమి. వరుస పెంచమన్నది తానేనని మొదట. లారీ త్వరగా పంపుమని తనపై ఉన్న ఒత్తిడి రెండవది. ఏడు నెలల ఆలస్యము వలన సాక్షులు దొరకుట లేదని మూడవది. సత్యము ముందు, అభ్యంతరము తరువాత.

ఉద్యోగము నిలుచునో లేదో ఇంకను తెలియదు. అయితే మరునాటి ఆదివారము సాయంత్రము అతడు ఆ హమాలీ గదికి పోయెను. దానికి ఏ నోటీసును అక్కరలేకపోయెను.