చదువు దాచుకోవడం

బాన్సువాడ బస్టాండు దగ్గర్లో ఒక ఆన్‌లైన్ సెంటరు. జిరాక్సులు, హాల్‌టికెట్లు, నౌకరీ దరఖాస్తులు అన్నీ అక్కడే. నా కాగితాల కోసం నిలబడి ఉంటే, ముందున్న అమ్మాయి బయోడేటా టైపు చేయించుకుంటోంది. ఏదో ప్రైవేటు హాస్పిటల్లో బిల్లింగ్ కౌంటరు ఉద్యోగానికి. చదువు కాలమ్ దగ్గరికొచ్చేసరికి ఆగింది.

"అన్నా, పీజీ పెట్టాల్నా, డిగ్రీ దాకనే పెట్టాల్నా?"

"ఏం పీజీ?"

"ఎం.ఏ. తెలుగు."

"వద్దమ్మా. పీజీ అంటే నాలుగు నెల్లల్ల ఇడిసిపోతవనుకుంటరు. డిగ్రీ దాకనే పెడదాం."

"అబద్ధమైతదేమో?"

"ఎక్కువ చెప్తే అబద్ధం. తక్కువ చెప్తే అబద్ధమెట్లయితది?"

నేను నవ్వాను. తర్వాత ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఇంచుమించు ఇదే ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పంజాబ్ నేషనల్ బ్యాంకు ప్యూన్ ఉద్యోగాలకి ప్రకటన ఇచ్చింది. ఇంటర్ పాసై ఉండాలి, డిగ్రీ పాసై ఉండకూడదు అని షరతు. ఒడిశాలో ఒకతను 2014లోనే డిగ్రీ పూర్తి చేసి, దరఖాస్తులో ఆ సంగతి రాయలేదు. తర్వాత అది బయటపడింది, బ్యాంకు వద్దంది. హైకోర్టు అతని పక్షాన నిలిచింది. 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. ఏ ఉద్యోగానికి ఎంత చదువుండాలో చెప్పేది ఉద్యోగమిచ్చేవాళ్ళని, ముఖ్యమైన విషయం దాచినవాడికి ఆ ఉద్యోగం అడిగే హక్కు లేదని తేల్చింది.

అంటే చట్టం దృష్టిలో తక్కువ చెప్పడం కూడా అబద్ధమే. కనీసం అడిగినప్పుడు.

కానీ దాచింది దేన్ని? డిగ్రీ అంటే తలలో ఉన్న చదువా, చేతిలో ఉన్న కాగితమా? మన దేశంలో డిగ్రీ ఇచ్చే హక్కు ఎవరికుందో 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ చెప్తుంది: చట్టం ద్వారా ఏర్పడ్డ యూనివర్సిటీలు, డీమ్డ్ యూనివర్సిటీలు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలు. మిగతావాళ్ళు ఎంత బాగా చదువు చెప్పినా డిగ్రీ ఇవ్వలేరు. అందుకే 1961లో మొదలైన అహ్మదాబాద్, కలకత్తా ఐఐఎంలు యాభై ఏళ్ళకి పైగా పీజీ డిప్లొమాతోనే సరిపెట్టుకున్నాయి. 2017 చట్టం వచ్చాకే ఐఐఎంలకి డిగ్రీ ఇచ్చే అధికారం దక్కింది. ఆ డిప్లొమా చూసి నువ్వు పీజీయేనా అని అడిగినవాళ్ళు లేరు. మన ఊళ్ళల్లో గల్లీ కంప్యూటర్ సెంటర్లో చేసిన పీజీడీసీఏ కూడా పేరుకి పీజీ డిప్లొమాయే. దాన్ని చూసి ఎవరూ లేచి నిలబడరు.

ఇంకో వింత కేంబ్రిడ్జిలో ఉంది. అక్కడ బీఏ పాసైనవాళ్ళు కొన్నేళ్ళు ఆగితే, ఇంకే పరీక్షా రాయకుండా ఎం.ఏ. ఇస్తారు. ఆక్స్‌ఫర్డ్‌లోనూ అంతే. ఎప్పటినుంచో వస్తున్న ఆచారం. ఇక్కడి పిల్ల మాత్రం ఎంట్రన్స్ రాసి, సీటు తెచ్చుకుని, రెండేళ్ళు చదివి, నాలుగు సెమిస్టర్ల పరీక్షలు రాసి తెచ్చుకున్న ఎం.ఏ.ని కొట్టేయించుకుంటోంది.

ఎంఫిల్ సంగతి మరీ అన్యాయం. ఎం.ఏ.కీ పీహెచ్‌డీకీ మధ్య మెట్టు అన్నారు. 2020 జాతీయ విద్యా విధానం అక్కర్లేదంది, 2022 యూజీసీ నిబంధనలు తీసేశాయి. పాతవి చెల్లుతాయి, నిజమే. కానీ సిద్ధాంత వ్యాసం రాసి, వైవాలో కూర్చుని సంపాదించుకున్న మనిషి, రేపు ఆ మాట అంటే ఏంటో తెలియని కుర్రాడికి తన చదువు విడమరిచి చెప్పుకోవాలి. పీహెచ్‌డీ కథా అంతే. 2018లో, యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే 2021 జులై నుంచి అది తప్పనిసరి అన్నారు. తర్వాత వాయిదా వేశారు. 2023లో అక్కర్లేదు, నెట్టో సెట్టో చాలన్నారు. ఆ మధ్యలో దానికోసం ఐదారేళ్ళు పెట్టినవాళ్ళు ఎవర్నడగాలి?

ఇంత ఇష్టమొచ్చినట్టు పేర్లు పెట్టి, తీసేసే వ్యవస్థ ముందు ఒకమ్మాయి ఒక్క లైను తీసేస్తే తప్పేంటి అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది, రెండ్రోజులు. తర్వాత ఆ బ్యాంకు షరతు గురించి మళ్ళీ ఆలోచించాను. డిగ్రీ ఉన్నవాళ్ళు వద్దు అనడం మొదట అవమానంలా వినిపిస్తుంది. కానీ ఇంటర్‌తో ఆగిపోయినవాడికి ఆ వరసలో చోటు ఉంచేది ఆ షరతే. అది లేకపోతే ఎం.ఏ.లు, ఎంఎస్సీలు వచ్చి నిలబడతారు, అతను వరస చివరికి పోతాడు. అక్కడ చదువు దాచినవాడు బ్యాంకుని మోసం చేసింది కొంచెమే. ఎక్కువ నష్టపోయింది పక్కన నిలబడ్డ ఇంటర్ కుర్రాడు. కోర్టు యజమాని హక్కు గురించి మాట్లాడింది, నాకు ఈ కుర్రాడే కనిపిస్తున్నాడు.

మరి బిల్లింగ్ కౌంటరు? అక్కడ అలాంటి షరతేం లేదు. ఎవరికీ చోటు కేటాయించలేదు. ఉన్నదల్లా ఎక్కువ చదివిన మనిషి ఎక్కువ జీతమడుగుతుందేమో, ఎదురు మాట్లాడుతుందేమో, వెళ్ళిపోతుందేమో అన్న భయం. వెళ్ళిపోతే ఇంకొకర్ని వెతుక్కుని పని నేర్పాలి, ఆ ఇబ్బంది ఒప్పుకుంటాను. కానీ ఆ భయాన్ని చల్లార్చడానికి ఆమె తన రెండేళ్ళు లేవని చెప్పుకోవాల్సిన బాధ్యత ఏముంది? అడక్కుండా చెప్పకపోవడం వరకు నాకు అభ్యంతరం లేదు. ఎదురుగా కూర్చోబెట్టి "డిగ్రీ తర్వాత ఏం చేసినవమ్మా?" అని అడిగితే మాత్రం సెంటర్ అన్న సూత్రం పనికిరాదు. "ఇంట్లనే ఉన్న" అని చెప్పిందంటే, అది తక్కువ చెప్పడం కాదు, లేనిది చెప్పడం.

తమాషా ఏంటంటే, పైనున్నవాళ్ళకి ఈ బాధ లేదు. ఎక్కడో సన్మానంలో శాలువాతో పాటు అందుకున్న గౌరవ డాక్టరేట్‌ని మర్నాటినుంచి పేరు ముందు తగిలించుకుని, ఫ్లెక్సీల్లో వేయించుకుంటారు. వాళ్ళనెవరూ దరఖాస్తు నింపమనరు.

ఆ రోజు అమ్మాయి కాసేపు స్క్రీను వైపే చూసి, "రెండు తీయన్నా" అంది. ఒకటి ఎం.ఏ.తో, ఒకటి లేకుండా. డబ్బులిచ్చి, రెండు ప్రింట్లూ ఒకే కవర్లో పెట్టుకుని, నిజామాబాద్ బస్సు కోసం వెళ్ళింది. ఏది ఇచ్చిందో నాకు తెలీదు.