ఇంకా చెప్పమ్మా



చలికాలంలో ఇక్కడ ద పాండ్స్‌లో రాత్రి 8:30 అయితే మన ఊళ్లో సాయంత్రం 4 గంటలు. అమ్మ ఫోన్ చేసే వేళ అది. మొన్న "మోకాళ్లు నొప్పిరా" అంది. గిన్నెలు కడుగుతూనే "డాక్టరుకు చూపించుకోమ్మా" అన్నాను. "సరేలే" అని పెట్టేసింది. నాన్నగారు ప్రభువునందు నిద్రించిన రోజు అదేనని చెల్లి చెబితే గాని నాకు గుర్తు రాలేదు.

సలహా ఇవ్వడం తప్పా? కాదు. కానీ ఒక్కోసారి మాట త్వరగా ముగించడానికే సలహా ఇస్తాం.

యోబు స్నేహితులు ముగ్గురూ ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేలమీద మౌనంగా కూర్చున్నారు. వాళ్లు చేసిన మేలు అదే. నోరు తెరిచాక అతనిలో తప్పు వెదికారు. వాళ్ల మాటల్లో కొంత నిజం ఉన్నా, అది యోబును ఓదార్చలేదు. చివరికి దేవుడే వాళ్లమీద కోపగించాడు.

మన ప్రార్థన ఎంత తడబడినా దేవుడు మధ్యలో ఆపడు. ఇంట్లోవాళ్లను మనమెందుకు ఆపుతాం?

ఈ వారం ఒక్కరి మాటైనా చివరిదాకా విందాం. వాళ్లు ఆగితే, "ఇంకా చెప్పు" అందాం. నేను అమ్మతో మొదలుపెడతాను.

ప్రభువు మనకు వినే హృదయం దయచేయును గాక. ఆమెన్.