ఈ ట్యాబుకి నీరుగంటి ఎవరు?

పాత ఫోనుకో ట్యాబుకో మళ్ళీ ప్రాణం పోద్దామని కస్టమ్ రోమ్ వెతికేవాళ్ళు మొదట అడిగే మాట ఒకటే: "స్టేబుల్‌గా ఉండేది ఏది?" ఫీచర్ల సంగతి తర్వాత. కెమెరా తెరుచుకోవాలి, వైఫై మాటిమాటికీ తెగకూడదు, రాత్రి చార్జింగ్ పెట్టి పడుకుంటే పొద్దునకి చచ్చి పడి ఉండకూడదు. న్యాయమైన కోరికే. తమాషా ఏంటంటే, వాళ్ళలో చాలామంది చివరికి చేరే లినియేజ్ ఓఎస్ ఫైలు పేరులోనే "నైట్లీ" అని ఉంటుంది. రాత్రికి రాత్రి సర్వర్ కట్టి పెట్టిన మూట అని అర్థం. (ఇప్పుడు వారానికోసారి కడుతున్నారు, పేరు మాత్రం మార్చలేదు.) "ఇది స్టేబుల్" అని ముద్ర కొట్టిన ఫైలు వాళ్ళ దగ్గర వేరే లేదు. కోడ్ రాసి బతికేవాణ్ణి కాబట్టి ఈ పద్ధతి నాకు నచ్చుతుంది. మా ఆఫీసుల్లో శుక్రవారం సాయంత్రం భయపడుతూ వదిలే బిల్డులకి కూడా స్టేబుల్ అనే పేరు పెడతాం.

తెలుగులో దీనికి స్థిరం అనొచ్చు, నిలకడ అనొచ్చు. నాకు మాత్రం కుదురు అన్న మాట దగ్గరగా అనిపిస్తుంది. కుండ కింద పెట్టే గడ్డి చుట్టని కుదురు అంటారు కదా. కుండ అడుగు గుండ్రంగా ఉంటుంది, దానంతటది నిలబడదు, కింద చుట్ట ఉంటే నిలబడుతుంది. "ఈ రోమ్ స్టేబులేనా?" అని అడిగినప్పుడు మనం కుండని తట్టి చూస్తున్నాం. కింద ఏముందో చూడట్లేదు.

అనంతపురం వాణ్ణి, కాబట్టి ఈ విషయం నాకు వేరుశనగ చేలో చెబితేనే సరిగ్గా అర్థమవుతుంది. మా వైపు దశాబ్దాల పాటు వేరుశనగ అంటే టీఎంవీ-2. తిండివనంలో 1940లో విడుదలైన రకం. కదిరి పరిశోధనా స్థానం 2002లో కె-6 ఇచ్చింది, ఆ తర్వాత ఇంకా మెరుగైనవీ ఇచ్చింది. అయినా ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో బతికే ఈ మెట్టనేల మీద రైతులు పాత విత్తనాన్ని చాలాకాలం వదల్లేదు. ఇది అజ్ఞానం అనేవాళ్ళున్నారు. నేను అనను. టీఎంవీ-2 ఎప్పుడు వాడుతుందో, ఎన్ని రోజులు ఓర్చుకుంటుందో, చివరి తడి అందకపోతే ఎంత పోతుందో వాళ్ళకి తెలుసు. విత్తనం పక్క ఊళ్ళోనే దొరుకుతుంది. ఎలా విఫలమవుతుందో ముందే తెలిసిన వస్తువు మీద ఆధారపడటం మా వృత్తిలోనూ మంచి అలవాటే.

అయితే 2000వ సంవత్సరం ఖరీఫ్‌లో జిల్లా మీద కాండం కుళ్ళు వైరస్ పడింది. చేను గట్ల మీది వయ్యారిభామ మొక్కల్లో ఏ లక్షణమూ చూపించకుండా దాక్కుని, పుప్పొడితో, తామర పురుగులతో పైరు మీదికి వచ్చింది. రెండు లక్షల హెక్టార్లకి పైగా పంటని తాకింది. అరవై ఏళ్ళ నిలకడ ఉన్న విత్తనం. అందులో ఏమీ మారలేదు. మారింది గట్టు.

కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన ట్యాబు పరిస్థితి సరిగ్గా ఇదే. 2015 ఆగస్టు నుంచి గూగుల్ ప్రతి నెలా ఆండ్రాయిడ్‌లో దొరికిన భద్రతా లోపాల జాబితా బయటపెడుతోంది. అది మంచి పని. కానీ దాని వెనక ఇంకో సంగతి ఉంది: మూడేళ్ళుగా అప్‌డేట్ రాని ట్యాబుకి ఆ జాబితా ఏయే తలుపులకి గడియ లేదో అందరికీ చెప్పే దండోరా. ట్యాబు మాత్రం నిన్నటిలాగే పనిచేస్తుంది. వాడేవాడికి అది స్టేబులే.

అందుకని కస్టమ్ రోమ్ ఎక్కిస్తే అన్నీ మూసుకుంటాయా? లేదు. పైనున్న ఆండ్రాయిడ్ కొత్తదవుతుంది. చిప్పు కంపెనీ ఇచ్చిన మూసిపెట్టిన ఫర్మ్‌వేర్, డ్రైవర్లు చాలావరకు పాతవే. వాటి సోర్స్ బయట ఎవరి దగ్గరా లేదు, బయటివాళ్ళెవరూ సరిచెయ్యలేరు. పైగా బూట్‌లోడర్ తెరిచి వదిలేస్తే, లోపల నడిచేది అసలుదో కాదో పరికరం గట్టిగా పట్టి చూడదు. గ్రాఫీన్ ఓఎస్ ఎక్కించాక మళ్ళీ తాళం వెయ్యనిస్తుంది, కానీ అది పిక్సెల్ పరికరాలకే. పిక్సెల్ కొనగలిగినవాడికి పాత ట్యాబు సమస్య ఎట్లాగూ ఉండదు.

మరి కుండ కింద కుదురు ఏది? లినియేజ్‌లో ప్రతి మోడల్‌కీ ఒక మెయింటైనర్ ఉండాలి. అతనికి జీతం లేదు. ఆ మోడల్ అతని దగ్గర ఉంటుంది, దాని మీద ప్రేమో మొండితనమో ఉంటుంది. అతనికి పెళ్ళయినా, ఉద్యోగం మారినా, ఫోను నీళ్ళల్లో పడినా ఆ మోడల్ జాబితాలోంచి జారిపోవచ్చు. మా సీమ చెరువులకి నీరుగంటి ఉండేవాడు. తూము ఎత్తడం, దించడం, ఏ మడికి ఎంతసేపు పారాలో చూడటం, వాన రాత్రి కట్ట మీద తిరిగి ఎక్కడైనా ఊట వస్తోందేమో కనిపెట్టడం అతని పని. బుక్కపట్నం చెరువు విజయనగర కాలం నుంచి నిలబడి ఉందని గొప్పగా చెప్పుకుంటాం. ఆ కట్ట దానంతటది నిలబడలేదు. (ఆ పని చాలాచోట్ల దళితుల మీద పడింది, దానికి ప్రతిఫలం కొలిచి ఇచ్చిన గింజలు. అది మర్చిపోయి నీరుగంటి మీద పాటలు కట్టకూడదు.)

సయనోజెన్‌మాడ్ కథ గుర్తున్నవాళ్ళకి ఇది కొత్త కాదు. స్టీవ్ కాండిక్ 2009లో సరదాగా మొదలుపెట్టాడు, ప్రపంచమంతా వాడింది, 2013లో కంపెనీ అయింది. ఆ కంపెనీ మన దేశంలో మైక్రోమ్యాక్స్‌తో ప్రత్యేక ఒప్పందం చేసుకుంది. ఆ తగాదాలో 2014 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు వన్‌ప్లస్ వన్ అమ్మకాలనే కొన్నాళ్ళు ఆపింది. 2016 డిసెంబరులో సయనోజెన్ కంపెనీ సర్వర్లు కట్టేస్తున్నానంది. కోడ్ బహిరంగం కాబట్టి రోజుల్లోనే లినియేజ్ పుట్టింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గొప్పతనానికి మావాళ్ళు ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఇది. నిజమే, చెరువు బతికింది. కానీ ఆ వారంలో తన మోడల్‌ని కొత్త జాబితాలో ఎవరూ ఎత్తుకోని మనిషికి చెరువు బతికిందన్న కబురుతో ఏం పని?

ఇంతవరకు నేను నాకోసం ఎంచుకుంటున్నంత కాలం ఇదంతా వేడుకే. పోతే నా ఫోనే పోతుంది, ఆదివారం పాడవుతుంది. ఇబ్బంది అంతా ఇంకొకరి కోసం ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు.

మన రాష్ట్రంలోనే ఇది పెద్ద ఎత్తున జరిగింది. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకీ టీచర్లకీ ట్యాబులు పంచడం మొదలుపెట్టింది. 5 లక్షల 18 వేల పైచిలుకు ట్యాబులు, సుమారు 686 కోట్లు. శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ7 లైట్‌లో బైజూస్ పాఠాలు, వేరేవి తెరుచుకోకుండా పైన నిర్వహణ సాఫ్ట్‌వేర్ తాళం. మరుసటి ఏడు ఇంకో 4 లక్షల పైన ఇచ్చారు. 2024లో ప్రభుత్వం మారింది. అదే ఏడాది జూలైలో బైజూస్ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. పథకం మంచిదా చెడ్డదా అన్న రాజకీయం నాకొద్దు. ఇక్కడ నాకు పట్టిన ప్రశ్న వేరే: తాళం వేసినవాడూ, పాఠం ఇచ్చినవాడూ పక్కకి తప్పుకున్నాక ఆ తాళం ఎవరిది? కుర్రాడు దాన్ని ఊడదీస్తే మన పెద్దవాళ్ళు "చెడిపోయాడు" అంటారు. వాడు సొంత వస్తువుని వాడుకోవడం నేర్చుకున్నాడని కూడా అనొచ్చు. శాంసంగ్ పరికరాల్లో నాక్స్ అని ఒక ఫ్యూజు ఉంటుంది. ఒక్కసారి వేరే సిస్టమ్ ఎక్కిస్తే అది కాలిపోతుంది, మళ్ళీ స్టాక్ ఎక్కించినా బాగవదు. ఒక పిల్లవాడి కుతూహలాన్ని శాశ్వతంగా నమోదు చేసే ఫ్యూజు! ఇలాంటిది ఉండాలని ఎవరు నిర్ణయించారో నాకు ఊహించుకోవాలనిపించదు.

లక్షల ట్యాబులు, ఒకే మోడల్. మెయింటైనర్‌కి ఇంతకంటే మంచి పొలం దొరకదు. 686 కోట్లు పెట్టిన చోట, నలుగురు ఇంజనీర్లని ఐదేళ్ళు కూర్చోబెట్టి ఆ ఒక్క మోడల్‌ని నెలనెలా చూసుకోమంటే అయ్యే ఖర్చు ఆ లెక్కలో కంటికి కూడా ఆనదు. ఊహ కాదిది: కేరళలో కైట్ అనే ప్రభుత్వ సంస్థ ఉబుంటు మీద కట్టిన సొంత సిస్టమ్‌ని బడి కంప్యూటర్లలో నడిపిస్తోంది. మనం ట్యాబులు కొన్నాం. నీరుగంటిని పెట్టలేదు.

ఇక నా వరకు వచ్చిన ప్రశ్న చిన్నది. కళ్యాణదుర్గం దగ్గర మా పెద్దమ్మ కొడుకు చీనీ తోట చేస్తాడు. వాళ్ళబ్బాయి ఇంటర్. ఇంట్లో ఒక పాత ట్యాబు ఉంది, కంపెనీ పేరు అనవసరం, అప్‌డేట్లు ఆగి చాలా రోజులైంది. అన్న ఫోన్ చేసి, "దీంట్లోకి కొత్తది ఏదో ఎక్కించొచ్చంట కదరా, పనిలో పని నా ఫోను గూడా చూడు" అన్నాడు.

ఫోను విషయంలో ఆలోచించాల్సింది తక్కువ. మందుల అంగడికీ డ్రిప్పు సామాన్లకీ డబ్బు అంతా ఆ ఫోన్లోంచే పోతుంది. బూట్‌లోడర్ తెరిచిన ఫోన్లలో చాలా బ్యాంకు యాప్‌లు మొరాయిస్తాయి. దాటించే దొంగదారులు ఉన్నాయి, ఇవ్వాళ పనిచేసింది వచ్చే నెల పనిచెయ్యదు. తోటలో ఉన్న మనిషి డబ్బు కట్టలేక బెంగళూరులో ఉన్న నాకు ఫోన్ చెయ్యాలి, నేను మీటింగులో ఉంటాను. నా స్వేచ్ఛా సిద్ధాంతం కోసం అతన్ని నా మీద ఆధారపడేలా చేస్తే అది ఎవరి స్వేచ్ఛ? కంపెనీకి బదులు నేను. కంపెనీ కనీసం బంధువు కాదు, గట్టిగా తిట్టొచ్చు.

ట్యాబు దగ్గరే ఆగాను. స్టాల్‌మన్ చెబుతున్న స్వేచ్ఛల్లో ప్రోగ్రామ్‌ని చదవడం, మార్చుకోవడం ఉన్నాయి. చదివే తీరిక, మార్చే చదువు ఉన్నవాడికి అవి స్వేచ్ఛలు. లేనివాడికి ఏమిటి? దీనికి మా స్నేహితులు చెప్పే జవాబు ఒకటుంది: తానే చదవక్కర్లేదు, ఎవరి దగ్గర బాగుచేయించుకోవాలో ఎంచుకోగలిగితే చాలు. చాలాకాలం ఇది నాకు వకీలు మాటలా అనిపించేది. కానీ మా ఊళ్ళని చూస్తే ఇదే నిజం. బోరు మోటారు కాలితే రైతు వైండింగ్ నేర్చుకోడు, వైండింగ్ షాపుకి మోసుకెళ్తాడు. ఆ షాపు బస్సు దిగి నడిచే దూరంలో ఉండటమే మోటారు నిలకడ. పల్లెకి నేను వెలుగు తీసుకెళ్తున్నానన్న ధోరణి ఇక్కడ చెల్లదు. అనంతపురం క్లాక్ టవర్ చుట్టుపక్కల సెల్ షాపుల్లో కూర్చునే కుర్రాళ్ళు నా జన్మలో నేను చెయ్యనన్ని ఫోన్లకి సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఉంటారు.

అందుకని ఏ రోమ్ అన్నది వెతకడం ఆపి, దాన్ని అక్కడ ఎవరు చూసుకుంటారన్నది వెతికాను. అన్న ఎప్పుడూ వెళ్ళే షాపు కుర్రాడితో మాట్లాడాను. ఆ ట్యాబుకి లినియేజ్ అధికారికంగా ఉంది, మెయింటైనర్ గత నెల కూడా మార్పులు పంపాడు. ట్రెబుల్ పుణ్యమా అని దొరికే అన్నింటికీ సరిపోయే రకాలు ఇంకా చాలా ఉన్నాయి, మెరుపులు ఎక్కువ, వాటికి ఈ మోడల్ మీద కన్నేసి ఉంచేవాడు లేడు. కుర్రాడు నేను చెప్పేదంతా విని, "అది సరే సార్, ఆ పిల్లోడికి నచ్చకపోతే ఎనక్కి కంపెనీదే ఎక్కియ్యొచ్చా? ఫైలు యాడుంది?" అన్నాడు. కంపెనీ సైటులో దాని జాడ లేదు. వేరే చోట దొరికింది, చెక్‌సమ్ సరిచూసుకున్నాం. మూడు జీబీ పైనే ఉంది.

ట్యాబులో ఇప్పుడు లినియేజ్ నడుస్తోంది. బ్యాంకు యాప్‌లు లేవు, పాఠాలూ వీడియోలూ మాత్రమే. అన్న ఫోను జోలికి పోలేదు. స్టాక్ ఫైలు, లినియేజ్ ఫైలు, రికవరీ మూడూ ఆ షాపు హార్డ్ డిస్కులో అన్న పేరు మీద ఒక ఫోల్డర్లో ఉన్నాయి. ఎక్కించినప్పుడల్లా రెండొందలు తీసుకుంటానన్నాడు కుర్రాడు. అన్న నూటయాభైకి బేరం చేశాడు.