పొరుగింటి మతము

అన్ని మతములును ఒక్కటే యను మాట మనవారి నోట తఱచుగా వినబడును. సభలలో వక్తలు దీనిని పలుకుదురు. ఇండ్లలో పెద్దలు పిల్లలకు నేర్పుదురు. మాట మంచిదే. కాని మంచిమాటలు కొన్ని మనకు ఆలోచించు శ్రమను తప్పించును. ఈ మాటయు నట్టిదేమో యని మాకు చిరకాలముగా సందేహము గలదు. పొరుగువాని మతమేమో తెలిసికొనకయే దానిని మన మతముతో నొకటి చేసివేయుట గౌరవమగునా, ఉపేక్ష యగునా? ఈ ప్రశ్న మాకు గ్రంథములలో గాక మా సీమలోనే, మా యింటి గడపలోనే ఎదురైనది.

ధర్మవరము, పెనుకొండ, హిందూపురము బెంగుళూరు పోవు రైలుదారిని వరుసగా నున్న యూళ్లు. 2022 వఱకు అనంతపురము జిల్లాలో నుండి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. వీనిలో పెనుకొండ, 1565 నాటి యుద్ధమున విజయనగరము పాడైన పిమ్మట ఆ రాజులకు రాజధాని యైనది. అచ్చటనే బాబా ఫక్రుద్దీన్ దర్గా గలదు. జనులు ఆయనను బాబయ్యస్వామి యందురు. ఆయన రాజ్యము విడిచి ఫకీరై తిరుచిరాపల్లి నత్తర్ వలీకి శిష్యుడాయెననియు, గురువిచ్చిన ఎండుపుల్ల చిగిర్చిన చోటనే నిలిచిపోయెననియు భక్తులు చెప్పుకొందురు. అచ్చటికి హిందువులును వత్తురు, మ్రొక్కుకొందురు, చక్కెర చదివింతురు. ఫకీరప్ప, హుసేనప్ప, మస్తానమ్మ యను పేర్లు మా సీమ హిందువుల యిండ్లలో వింత గావు.

మా చిన్నతనమున హిందూపురములో మా ప్రక్కయింట నొక ముస్లిము కుటుంబ ముండెను. ఒకనాడు మా యింట సత్యనారాయణ వ్రతము జరిగినది. మా తల్లిగారు ప్రసాదమును ఆకులో పెట్టి పొరుగింటికి తామే తీసికొనిపోయిరి. ఆ యిల్లాలు చేతులు జోడించి, "అక్కా, ఏమనుకోవద్దు. దేవుని ముందర పెట్టింది మేము తినకూడదు. పూజకు ముందే ఒక పండు తీసి యిచ్చింటే సంతోషంగా తినేదాన్ని" అనెను. మా తల్లిగారు మాట లాడక తిరిగివచ్చి, "మేము పెనుకొండకు పోయి బాబయ్యకు చక్కెర చదివించుట లేదా? మా ప్రసాదము వీరికి చేదా?" అని చాలనాళ్లు నొచ్చుకొనిరి. ఇంటిల్లిపాదిమి ఆమెదే తప్పంటిమి.

ఆ యేటి రంజాను పండుగనాడు ఆ యింటినుండి గిన్నెడు సేమియా పాయసము వచ్చినది. మావారు నవ్వుమోముతో పుచ్చుకొనిరి. ఆ పిల్లవాడు వీధి దాటగానే దానిని కుడితితొట్టిలో పోసిరి. ఇది మేము కన్నులార చూచితిమి. అప్పుడు మాకది వింతగా తోచలేదు. పెద్దవారమైన పిదప ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనగా సిగ్గు కలిగినది. ఆమె నిరాకరించినది, కారణము చెప్పి, వేఱొక దారి చూపి. మేము నిరాకరించితిమి, నవ్వి, మఱుగున. ఆమెకు అడ్డువచ్చినది విశ్వాసము. మాకు అడ్డువచ్చినది అంటు. అయినను సహనము లేనివారని పేరు పడినది వారికే!

ఆమె మాటకు మూలమేమి? ఇస్లామునకు పునాది ఒక్క వాక్యము: ఆరాధ్యుడు అల్లా ఒక్కడే, ముహమ్మదు ఆయన ప్రవక్త. దేవుడు పుట్టువాడు గాడు. ఆయనకు రూపము లేదు, సాటి లేదు. ముహమ్మదు ప్రవక్త సయితము మానవుడే గాని పూజింపదగిన దైవము గాడు. దేవదూతలను, దైవగ్రంథములను, ఇబ్రాహీము మూసా ఈసా మొదలగు ప్రవక్తలను, అంత్యదినమున తీర్పును, దైవనిర్ణయమును ముస్లిము నమ్మును. ఈ నమ్మకము నడవడిలో నాలుగు విధుల రూపమున కనబడును. దినమునకు ఐదుమార్లు నమాజు. రంజాను నెలలో తెలవారుజాము మొదలు ప్రొద్దు క్రుంకువఱకు మంచినీరైన ముట్టని ఉపవాసము. చాంద్రమాసమగుటచే నది ఏటేట పదునొకండు దినములు ముందునకు జరిగి, కొన్ని యేండ్లు మా సీమ మండుటెండలలోనే వచ్చును. ఒక పరిమితికి మించి ఏడాది నిలువయున్న ధనములో నూటికి రెండున్నర వంతు పేదల కిచ్చు జకాతు. శక్తిగలవారికి జన్మలో నొకమారు మక్కాయాత్ర. పలుదైవములను కొలుచు మనకు దర్గాలో మఱియొక నమస్కార మనగా కష్టము లేదు. ఒక్కనినే కొలుతునని మాట యిచ్చినవారికి మన నైవేద్యము పుచ్చుకొనుట ఆ మాట తప్పుటయే. మన కేమియు ఖర్చు గాని మర్యాదకు బదులుగా వారి సర్వస్వమును అడుగుట న్యాయమా? దర్గాలో మ్రొక్కు విషయమై ముస్లిములలోనే వాదము గలదు. వలీని స్మరించి దేవుని వేడుకొనుట తగునని కొందఱు, అదియు తగదని కొందఱు అందురు.

క్రొత్త మార్గములను గూర్చియు ఇట్లే విచారింపవలెను. పంతొమ్మిదవ శతాబ్దమున ఇరానులో బహాయీ మతము, 1889 లో పంజాబు ఖాదియానులో అహ్మదీయ మార్గము పుట్టినవి. ముహమ్మదే కడపటి ప్రవక్త యని నమ్మువారికి ఆ పిదపటి ప్రవక్తృత్వము సమ్మతము గాదు, తగవంతయు నచ్చటనే. మా సీమలోనే, చిత్రావతి యొడ్డున పుట్టపర్తిలో, సత్యసాయిబాబా (1926-2011) పేర వేఱొక మార్గము వెలసినది. 1918 లో గతించిన షిర్డీ సాయిబాబా మసీదులో కాపురముండిన ఫకీరు. ఆయనే తానని పుట్టపర్తి బాబా 1940 లో ప్రకటించెను. అచ్చటి చిహ్నమున ఓంకారము, శిలువలతోపాటు నెలవంకయు గలదు; ఎవరును తమ మతమును విడువ నక్కఱలేదని ఆయన బోధ. భక్తులకు ఆయన అవతారము. దేవుడు మానవుడై పుట్టడని నమ్ము ముస్లిమునకు ఆ నెలవంక అచ్చట చెక్కియున్నంత మాత్రమున ఆ మాట ఒప్పదు. కాని ఆ సంస్థవారు గత శతాబ్దపు చివరి దశకమున అనంతపురము జిల్లాలో వందలాది పల్లెలకు త్రాగునీరు తెప్పించిరి. ఆ నీరు త్రాగుటకు ఎవరి విశ్వాసమును అడ్డు రాలేదు. సేవలో కలియుటకు సిద్ధాంతమున నొకటి కానక్కఱలేదని దీనివలన తెలియుచున్నది.

భేదములను ఎత్తిచూపుట వైరమునకు దారి తీయదా యని కొంద ఱడుగవచ్చును. మా యింట వైరము పుట్టినది భేదము తెలిసి కాదు, తెలియక. మొహరమున మన పల్లెలలో పీర్లు ఎత్తుదురు, గుండము త్రొక్కుదురు, హిందువులే ముందుందురు. 680 లో కర్బలా యెడారిలో దాహముతో నలమటించి ప్రాణము లర్పించిన హుసేనును తలచుకొను దినమది యని యెందఱు తల్లులు పిల్లలకు చెప్పుదురు? కలిసి ఆడుట మన సీమ సంపదయే, దానిని పోగొట్టుకొనరాదు. కాని దానికి తోడు తెలివిడియు కావలెను. అనంతపురము కళాశాలలో బోధించిన చిలుకూరి నారాయణరావుగారు, తాము హిందువులై యుండియు, ఖురానును తెనిగించిరి. పొరుగువాడు ఏమి నమ్మునో వాని మాటలలోనే వినవలెనను కోరిక యున్నగాని అట్టి శ్రమకు ఎవరును పూనుకొనరు.

మేము చదువరులను కోరునది స్వల్పము. పొరుగువారి నమ్మకమును మీరు నమ్మ నక్కఱలేదు, తెలిసికొనుడు. వారు కాదన్నప్పుడు కారణ మడుగుడు. మీరు కాదనునప్పుడు కారణము దాపక చెప్పుడు. చెప్పుటకు సిగ్గు కలిగినచో ఆ కారణమునే విడిచిపెట్టుడు. మా తల్లిగారు కడపటి దినములలో వ్రతమునకు కూర్చుండకముందే అరటిగెల నుండి రెండు పండ్లు కోసి వేఱుగా నుంచుచుండిరి. ఆ యింటి పాయసమును మా యింట తినుటకు మాత్రము ఇంకను కొన్ని యేండ్లు పట్టినది.